ఫ్యాన్ కట్టేసి, బీరువా తలుపు తీసి: ఇంట్లోనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో పాట రికార్డు చేసుకోవడం ఎలా

మా మేనత్తది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఊడుపు పాటలు, పెళ్లి పాటలు, లాలి పాటలు అన్నీ కలిపి ఎన్ని వచ్చో ఆవిడకే లెక్క తెలీదు. పోయిన వేసవిలో విశాఖలో మా ఇంటికొచ్చి నెల్రోజులు ఉంది, అప్పుడు ఎలాగైనా అవన్నీ రికార్డు చేసెయ్యాలని కూర్చున్నా. ముందు ఫోన్‌లో పెట్టి చూశా, విన్నాక ఏడుపొచ్చింది, ఎందుకంటే ఫ్యాన్ హోరు, పక్కింటి కుక్కర్ విజిలు, మా కంచరపాలెం పట్టాల మీద గూడ్సు బండి, వీటన్నిటి వెనకాల ఎక్కడో అత్త గొంతు. స్టూడియోకి తీసుకెళ్దామంటే ఆవిడ అద్దాల గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడే మనిషి కాదు, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటేనే ఆవిడకి పాట వస్తుంది.

అందుకని ఇంట్లోనే చేశాం, మొత్తం ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తోనే. ఆ నెల్రోజుల్లో నేర్చుకున్నది ఒక వరసలో రాస్తున్నా, మీరు సినిమా పాట కవర్ చేసుకున్నా, కీర్తన పాడుకున్నా, సొంత పాట కట్టుకున్నా ఇదే వరస పనికొస్తుంది. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, సాఫ్ట్‌వేర్ కంటే గది పెద్ద విషయం, నేను ఇది ఆలస్యంగా తెలుసుకున్నా, మీరు ముందే తెలుసుకోండి.

క్రాక్ వద్దు

కొన్నేళ్ళ కిందట ఒక షాపులో లాప్‌టాప్ రిపేరుకి ఇస్తే వాళ్ళే ఖరీదైన మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఒకటి క్రాక్ చేసి వేసిచ్చారు, నేనూ సంతోషపడ్డా. ఏడాది తిరిగేసరికి వైరస్ పట్టింది, విండోస్ మళ్ళీ వెయ్యాల్సొచ్చింది, ఆ క్రాక్ ఇంకెక్కడా దొరకలేదు, నేను చేసుకున్న ఆరు పాటల ప్రాజెక్టులు ఒక్కటీ తెరుచుకోలేదు. ఆడియో ముక్కలు ఫోల్డర్‌లో ఉన్నాయి గానీ ఏ ముక్క ఎక్కడ అతకాలో తెలియని బొమ్మలాగా అయిపోయింది. ఓపెన్ సోర్స్, అంటే రాసిన కోడ్ అందరికీ తెరిచి ఇచ్చేసే రకం, అయితే ఈ బాధ ఉండదు, లైసెన్సు తీరిపోవడం అనేది లేదు, పదేళ్ళ తర్వాత ఇంకో కంప్యూటర్‌లో వేసుకుని తెరుచుకోవచ్చు. పెద్దవాళ్ళ పాటలు దాచేటప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అదే.

ఏ పనికి ఏది

అన్నీ ఒకేసారి వేసుకోకండి, బుర్ర తిరుగుద్ది. ఆడాసిటీ ఒక గొంతు రికార్డు చేసి కోసి శుభ్రం చేసుకోవడానికి. 1999లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలై 2000లో జనంలోకి వచ్చింది, విండోస్, మ్యాక్, లైనక్స్ (విండోస్‌కి బదులు వేసుకునే ఫ్రీ సిస్టమ్) మూడిట్లోనూ నడుస్తుంది, గంటలో అలవాటైపోద్ది. ఆర్డర్ అనేది అసలైన మల్టీట్రాక్ స్టూడియో, గొంతు ఒక ట్రాక్, డప్పు ఒక ట్రాక్, హార్మోనియం ఒక ట్రాక్ పెట్టి మిక్స్ చేసుకోవడానికి. దీన్ని మొదలుపెట్టిన పాల్ డేవిస్ గారే లైనక్స్‌లో ఆడియో ప్రోగ్రాములన్నిటినీ ఒకదానికొకటి కలిపే జాక్ అనేదాన్ని కూడా రాశారు. హైడ్రోజన్ డ్రమ్ బీట్లకి. ఎల్ఎమ్ఎమ్ఎస్ కీబోర్డు, బీట్లతో మ్యూజిక్ కట్టడానికి బానే ఉంటుంది, కానీ మైకులో పాడి రికార్డు చేద్దామని దాన్ని వేసుకోకండి, అది ఆ పని కోసం చేసింది కాదు, చాలామంది అక్కడే తప్పుదారి పడతారు. స్వరం నొటేషన్ రాసుకునేవాళ్ళకి మ్యూజ్‌స్కోర్ ఉంది.

మొదటి వారం ఆడాసిటీ ఒక్కటే చాలు. రెండో ట్రాక్ అవసరం వచ్చిన రోజున ఆర్డర్‌కి వెళ్ళండి.

ముందు గది

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. "టర్ర్" అని ఒక సన్నటి మోత వెనక్కి వచ్చిందనుకోండి, మీ మైకు కూడా అదే వింటుంది. మన ఇళ్ళన్నీ టైల్సు, స్లాబు, సున్నం గోడలు, మెత్తటిదంటూ ఏదీ ఉండదు, అందుకే పాట బాత్రూంలో పాడినట్టు ఉంటుంది. ఆ మోత ఒకసారి రికార్డులోకి ఎక్కిందంటే ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు.

గుడ్డుట్రేలు గోడకి అంటిస్తే చాలని ఎవరైనా చెప్తే నమ్మకండి, అట్ట పలచన, దానివల్ల పెద్దగా ఏమీ కాదు. మందం కావాలి. మేం చేసిందేంటంటే, చిన్న పడగ్గదిలో బీరువా తలుపులు రెండూ బార్లా తీశాం, లోపల మడత పెట్టిన చీరలు, దుప్పట్లు ఉంటాయి కదా, అంతకంటే మంచి సౌండు పీల్చేది మన ఇంట్లో ఇంకోటి లేదు. రెండు బొంతలు తాడు కట్టి అత్త వీపు వెనకాల వేలాడదీశాం, గోడకి అంటించకుండా జానెడు ఎడం వదిలాం, ఆ ఎడం వల్ల ఇంకాస్త బాగా పనిచేస్తుంది. ఒక పరుపు నిలబెట్టి పక్క గోడకి ఆనించాం. కింద జంపఖానా. మళ్ళీ చప్పట కొడితే "టప్" అని అక్కడికక్కడే చచ్చిపోయింది. అత్త చూసి "ఏట్రా, ఇల్లు మారత్తన్నావేటి?" అంది.

బొంత పాడేవాళ్ళ వెనక్కి ఎందుకంటే, పాడుకునే మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం, అంటే ముందునించి వచ్చేదే బాగా వింటాయి, వెనకనించి వచ్చేది తక్కువ వింటాయి. మైకు చూసేది మీ మొహాన్ని, మీ వెనకున్న గోడని. అందుకే ఆ గోడ ముఖ్యం. గది మూలలో కూర్చోబెట్టకండి, మూలలో లోగొంతు ఉబ్బిపోతుంది.

ఇప్పుడు ఫ్యాన్. విశాఖలో మే నెలలో ఫ్యాన్ కట్టెయ్యమంటే తిడతారు, "ఫేను కట్టేత్తే ఎలాగరా నాయినా" అని అత్త కూడా అంది. కానీ కట్టాల్సిందే, ఏసీ కూడా. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం, పాటకి ముందు తలుపులు మూసి ఏసీ వేసి గది చల్లబెట్టి, కట్టేసి ఒక పాట, మళ్ళీ వేసి పది నిమిషాలు కబుర్లు, మళ్ళీ కట్టేసి ఇంకో పాట. ఆ కబుర్లలోనే తర్వాత పాట గుర్తొచ్చేది ఆవిడకి. టైము తెల్లవారుజాము నాలుగున్నర నించి ఆరు లోపల, ఆ తర్వాత పాలబ్బాయి, నీళ్ళ మోటారు, గుడి మైకు, స్కూటర్లు వరసగా మొదలైపోతాయి. గాజువాక వైపు, ఎన్ఏడీ వైపు ఉండేవాళ్ళకి లారీలు, విమానాలు, మీ ఏరియాలో ఏ టైముకి ఏ చప్పుడో రెండ్రోజులు ఊరికే విని ఒక కాగితం మీద రాసుకోండి, చాలా పనికొస్తుంది.

మైకు, ఇంటర్‌ఫేస్, కరెంటు గోల

కండెన్సర్ మైకు కొనాలని అందరూ ఎగబడతారు గానీ, బాగు చెయ్యని గదికి డైనమిక్ మైకే మంచిది, అది దగ్గరున్న గొంతునే పట్టుకుంటుంది, దూరపు చప్పుడు తక్కువ తీసుకుంటుంది. 1966 నించి స్టేజీల మీద కనిపించే ష్యూర్ ఎస్ఎమ్58 ఆ రకమే. కండెన్సర్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు కేబుల్లోంచే వెళ్ళే కరెంటు, కావాలి, డైనమిక్‌కి అక్కర్లేదు. ఇంకో సంగతి, మన సముద్రపు తేమకి కండెన్సర్ మైకులో చిటపటలు వస్తాయి, వాడాక సిలికా జెల్ ప్యాకెట్లు వేసి గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోండి. ఉప్పుగాలికి కేబుల్ పిన్నులు కూడా నల్లబడతాయి, అప్పుడప్పుడు తుడుస్తుండండి.

ఇంటర్‌ఫేస్ అంటే మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, అది కొనేటప్పుడు "క్లాస్ కంప్లయంటా" అని అడగండి, అంటే డ్రైవరు వేరే వెయ్యకుండా యూఎస్‌బీ గుచ్చగానే పనిచేసే రకం, లైనక్స్‌లో ఇబ్బంది ఉండదు. రెండు మైకులు పట్టేది తీసుకుంటే ముందుముందు పనికొస్తుంది.

ఇక హమ్. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఎక్కడైనా లీకైతే "మ్మ్మ్" అని 50 దగ్గరా, దాని రెట్లు 100, 150 దగ్గరా వినిపిస్తుంది. నాకు మొదటిరోజంతా అదే. కేబుల్ మార్చా, మైకు మార్చా, పోలేదు. చివరికి లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే ఠక్కున ఆగిపోయింది. మీరూ ముందు అదే చేసి చూడండి, తర్వాత ఆ గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్, ట్యూబులైటు ఆపి చూడండి. పాత ఇళ్ళల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ వెనకాల ఎర్తు వైరు ఉండదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఎర్తు పిన్ను విరగ్గొట్టి హమ్ తగ్గించుకోండి అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, అది ప్రాణానికే ప్రమాదం, అస్సలు చెయ్యకండి.

సాఫ్ట్‌వేర్ వేసుకోవడం

పాత లాప్‌టాప్ చాలు. నాది 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ఐ5, హార్డ్ డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ వేయించా, అంతే. దాంట్లో ఉబుంటు స్టూడియో వేశా, ఇది లైనక్స్‌లోనే ఒక రకం, 2007 నించి వస్తోంది, ఆర్డర్, ఆడాసిటీ, హైడ్రోజన్, ఇంకా బోలెడు ఎఫెక్టులు అన్నీ ముందే పెట్టి ఇస్తారు, ఆడియోకి కావల్సిన లోపలి సెట్టింగులు కూడా చేసే ఉంటాయి. దాని ఐఎస్ఓ ఫైలు డౌన్‌లోడ్ చేసి ఎచర్ అనే చిన్న ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా ముందు పెన్‌డ్రైవ్ నించే నడిపి చూడండి, మీ ఇంటర్‌ఫేస్ కనిపిస్తోందా, మైకు పలుకుతోందా చూసుకున్నాకే ఇన్‌స్టాల్. ఫొటోలు, డాక్యుమెంట్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోకుండా మాత్రం ముట్టుకోకండి.

విండోసే ఉంచుకుంటానంటే కూడా పర్లేదు. ఆడాసిటీ నేరుగా ఫ్రీ. ఆర్డర్ విషయం కొంచెం వేరు, సోర్సు కోడ్ అందరికీ ఫ్రీ, లైనక్స్ వాళ్ళకి వాళ్ళ సాఫ్ట్‌వేర్ సెంటర్లోనే ఫ్రీగా దొరుకుతుంది, కానీ విండోస్‌కీ మ్యాక్‌కీ రెడీగా కట్టిన కాపీ వాళ్ళ సైట్లో కావాలంటే ఎంతో కొంత కట్టాలి, ఊరికే దింపుకున్న డెమో కాసేపటికి సౌండ్ ఆపేస్తుంది. ఆ డబ్బులు రాసేవాళ్ళకే వెళ్తాయి, నేను లైనక్స్‌లో ఫ్రీగా వాడుతున్నా కూడా కట్టా.

ఆర్డర్ తెరిచాక

కొత్త సెషన్‌కి, అంటే ఒక పాట ప్రాజెక్టుకి, పేరు పెట్టగానే ఆడియో సెటప్ అని ఒక కిటికీ వస్తుంది, కొత్తవాళ్ళు సగం మంది ఇక్కడే ఆగిపోతారు. లైనక్స్‌లో ఆడియో సిస్టమ్ దగ్గర ఆల్సా పెట్టండి. పల్స్ ఆడియో అని కూడా కనిపిస్తుంది, అది పెడితే పాట వినిపిస్తుంది గానీ మైకు రాదు, ఆర్డర్‌లో అది ప్లేబ్యాక్‌కి మాత్రమే. డివైస్ దగ్గర మీ ఇంటర్‌ఫేస్ పేరు, శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్, బఫర్ సైజ్ 256. తర్వాత స్టార్ట్.

బఫర్ అంటే ఏంటో ఒక్క ముక్క. కంప్యూటర్ సౌండుని గుక్కలు గుక్కలుగా తాగుద్ది, 256 అంటే ఒక్కో గుక్క 256 శాంపిళ్ళు (సౌండు కొలతలు), సెకనుకి 48 వేల శాంపిళ్ళు కాబట్టి 48 వేలతో భాగిస్తే సుమారు 5 మిల్లీసెకన్లు. 1024 పెడితే 21 మిల్లీసెకన్లు, అప్పుడు హెడ్‌ఫోన్‌లో మీ గొంతు మీకే ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతారు. మరీ తక్కువ పెడితే పాత కంప్యూటర్ అందుకోలేక టిక్కు టిక్కుమంటుంది, ఎక్స్‌రన్ అని పైన అంకె పెరుగుతుంటుంది. రికార్డు చేసేప్పుడు 128 లేదా 256, మిక్స్ చేసేప్పుడు 1024. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అని బటన్ ఉంటే అది నొక్కండి, గొంతు కంప్యూటర్ దాకా వెళ్ళకుండానే హెడ్‌ఫోన్‌కి వస్తుంది, ఆలస్యం గొడవే ఉండదు.

ట్రాక్ మెనూలో కొత్త ఆడియో ట్రాక్, మోనో. ఒక మైకుకి స్టీరియో అక్కర్లేదు. ట్రాక్ మీద ఎర్ర బటన్ నొక్కండి, పైన పెద్ద ఎర్ర బటన్ నొక్కండి, అప్పుడు ప్లే. మూడు నొక్కులు, మూడూ పడితేనే రికార్డవుద్ది, ఒకటి మర్చిపోతే ఏమీ రికార్డవ్వదు. అత్త మొదటి లాలి పాట అలాగే పోయింది, మళ్ళీ పాడించాం గానీ మొదటిసారి వచ్చినంత మెత్తగా రాలేదు.

లెవెలు, దూరం

మైకు నోటికి జానెడు దూరంలో. డైనమిక్ అయితే బెత్తెడు దాకా రావచ్చు. తిన్నగా నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి పెట్టి నోటివైపు తిప్పండి, "భ", "ఫ", "ప" పలికినప్పుడు గాలి వచ్చి మైకుని కొట్టదు. ఎంబ్రాయిడరీ చట్రానికి పాత నైలాన్ మేజోడు బిగించి మధ్యలో పెడితే పాప్ ఫిల్టర్ రెడీ.

గెయిన్, అంటే మైకు సౌండు పెంచే నాబ్, పెట్టేప్పుడు నెమ్మదిగా పాడించి పెట్టకండి, పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే చోటు పాడించండి, అక్కడ మీటరు మైనస్ 12 డీబీ దగ్గర ఆగాలి. సున్నా దాటిందంటే గొంతు పగిలిపోద్ది, బాగుచెయ్యడం కుదరదు. 24 బిట్‌లో చేస్తే కొంచెం తక్కువగా రికార్డయినా తర్వాత పెంచుకోవచ్చు, నష్టం లేదు. పాట మొదలయ్యే ముందు పది సెకన్లు ఎవరూ కదలకుండా ఖాళీ గదిని రికార్డు చెయ్యండి, ఎందుకో కింద చెప్తా.

శ్రుతి పెట్టె హెడ్‌ఫోన్‌లోనే వినాలి, గదిలో మోగించకండి, అది గొంతు ట్రాక్‌లోకి ఎక్కితే ఇంక విడదీయలేం. ఒకటి శ్రుతి అంటే సీ, ఐదు అంటే జీ, ఐదున్నర జీ షార్ప్, ఇది ట్రాక్ పేరులోనే రాసి పెట్టుకుంటే తర్వాత హార్మోనియం వాయించేవాళ్ళకి తేలిక. మా అత్త హెడ్‌ఫోన్ పెట్టుకోనంది, సరే శ్రుతి లేకుండానే పాడమన్నాం, ఆవిడ సొంత శ్రుతిలో మొదటినించి చివరిదాకా నిలబడింది.

తాళం, క్లిక్

సినిమా పాట, బీటు ఉన్న పాట అయితే మెట్రోనోమ్, అంటే టిక్కు టిక్కుమని తాళం కొట్టే క్లిక్కు, పెట్టుకోండి. ఆర్డర్‌లో పైన మీటర్ గుర్తు మీద డబుల్ క్లిక్ చేస్తే తాళం మార్చుకోవచ్చు, ఆది తాళానికి 4/4 రెండు బార్లు, మిశ్ర చాపుకి 7/8, ఖండ చాపుకి 5/8. పద్యానికి, ఆలాపనకి క్లిక్కు పెట్టకండి, ప్రాణం పోద్ది.

జానపదానికి కూడా నా మాట వినండి, క్లిక్కు వద్దు. ఊడుపు పాట నాటే చేతుల వేగంతో నడుస్తుంది, ఒక చోట సాగుద్ది, ఇంకో చోట పరిగెడుద్ది, అదే ఆ పాట అందం. మేం అత్త తొడ మీద తాళం వేసుకుంటుంటే దానికి వేరే మైకు పెట్టి రెండో ట్రాక్‌లో పట్టాం. 2023లో వచ్చిన ఆర్డర్ 8లో గ్రిడ్ టూల్ అని ఒకటుంది, బార్ గీతలు పట్టుకుని లాగి ఆ తాళం దెబ్బల మీద కూర్చోబెట్టొచ్చు. అంటే మనిషి కంప్యూటర్ వెనకాల పరిగెత్తక్కర్లేదు, కంప్యూటరే మనిషి వెనకాల నడుస్తుంది. నాలుగు నిమిషాల పాటకి నాకు గంటన్నర పట్టింది, కానీ ఆ తర్వాత డప్పు, హార్మోనియం వాయించినవాళ్ళకి ఎక్కడ దెబ్బ పడాలో కళ్ళకి కనిపించింది.

టేకులు ఎన్నైనా తీస్కోండి, ఒక్కో టేకుకి ట్రాక్‌లో కొత్త ప్లేలిస్ట్ పెట్టుకుంటే పాతది చెరగదు, తర్వాత మంచి ముక్కలు ఏరుకోవచ్చు. పెద్దవాళ్ళతో మాత్రం రెండు టేకులకి మించి అడగకండి, అలిసిపోతారు, మూడోసారి పాట అప్పజెప్పినట్టు ఉంటుంది.

డప్పు

మా ఫ్రెండొకడు డప్పు తెచ్చాడు. విశాఖ గాలికి తోలు ఊరికే సడలిపోద్ది, డాబా మీద కాగితాలు మండించి కాచుకొచ్చి పది నిమిషాల్లో రికార్డు చెయ్యాలి, చల్లారితే మళ్ళీ దిగిపోద్ది. అందుకే మైకు, లెవెలు, హెడ్‌ఫోన్ అన్నీ సెట్ చేసుకున్నాకే కాచండి, మేం మొదట కాచి తర్వాత కేబుల్ వెతుక్కున్నాం, మళ్ళీ పైకెళ్ళాల్సొచ్చింది. మైకు రెండు మూడు అడుగుల దూరంలో, గెయిన్ బాగా తగ్గించి. దగ్గరగా పెడితే చిర్ర (లావు కర్ర) దెబ్బ ఒక్కటే వినిపించి సిటికెన పుల్ల చప్పుడు మాయమైపోద్ది, కొంచెం వెనక్కి జరిపితే రెండూ కలుస్తాయి.

వాయించేవాళ్ళు దొరకనివాళ్ళు ఒక పని చెయ్యొచ్చు. ఒక్కసారి ఎవరిచేతైనా డప్పు మీద చిర్ర దెబ్బ, పుల్ల దెబ్బ, అంచు దెబ్బ విడివిడిగా ఐదారేసి కొట్టించి, ఆడాసిటీలో ముందున్న నిశ్శబ్దం కోసేసి ఒక్కోటి ఒక్కో వేవ్ ఫైలుగా దాచుకోండి, వాటిని హైడ్రోజన్‌లో సొంత డ్రమ్‌కిట్‌గా పెట్టుకుంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు మీ ఊరి డప్పు మీ దగ్గరుంటుంది. దాంట్లో ముందే వచ్చే కిట్లన్నీ ఇంగ్లీషు డ్రమ్ములే.

శుభ్రం చెయ్యడం

ఇందాక పది సెకన్ల ఖాళీ రికార్డు చేశారు కదా, గొంతు ట్రాక్‌ని ఆడాసిటీలో తెరిచి ఆ ఖాళీ ముక్క సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్‌లో నాయిస్ ప్రొఫైల్ తీసుకోండి, తర్వాత పాటంతా సెలెక్ట్ చేసి అదే ఎఫెక్టు వెయ్యండి. ఎంత తగ్గించాలో చెప్పే అంకె నేను 6 నించి 9 డీబీ మధ్య పెడతా. ఎక్కువ పెడితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు అయిపోద్ది. కొంచెం చప్పుడు మిగిలినా పర్లేదు, గొంతు గొంతులా ఉండాలి. అసలు ఫైలు మాత్రం ముట్టుకోకుండా కాపీ మీద చెయ్యండి.

మిక్స్

ఆర్డర్‌తో పాటే ఏస్ పేరుతో మొదలయ్యే ఎఫెక్టులు వస్తాయి, ఈక్యూ (లోగొంతు, పైగొంతు తగ్గించి పెంచేది), కంప్రెసర్ (గట్టి చోట్లని అణిచేది), రివర్బ్ (గది మోత కలిపేది), మొదటి పది పాటలకి అవి చాలు. గొంతుకి ముందు హై పాస్, అంటే కింది సౌండు కోసేసేది, మగ గొంతుకి 80 హెర్ట్జ్, ఆడ గొంతుకి 100 దగ్గర, ఆ కింద ఉన్నదంతా గూడ్సు బండి గురగురే, పోనివ్వండి. డబ్బాలో పాడినట్టు అనిపిస్తే 300, 400 మధ్య రెండు మూడు డీబీ తగ్గించండి. కంప్రెసర్ 3కి 1, ముల్లు 3 నించి 6 డీబీ మధ్య ఊగితే సరిపోతుంది. "స", "శ" చెవిలో గుచ్చుతుంటే 5 నించి 8 కిలోహెర్ట్జ్ మధ్య చూసుకోండి.

రివర్బ్ ప్రతి ట్రాక్ మీద వెయ్యకండి. ఒక బస్ (చాలా ట్రాకులు వచ్చి కలిసే దారి) పెట్టి దాని మీద ఒక్కటే వేసి, ప్రతి ట్రాక్ నించి కొంచెం కొంచెం పంపండి, అప్పుడు అందరూ ఒకే అరుగు మీద కూర్చుని పాడినట్టు ఉంటుంది. డ్రాగన్‌ఫ్లై రివర్బ్ ఫ్రీగా దొరుకుతుంది, చాలా బాగుంటుంది. రివర్బ్ ఉందని తెలిసిందంటే ఎక్కువైనట్టే, అక్కణ్ణించి కొంచెం తగ్గించండి.

ఎక్స్42 అని ఒక ఆటోట్యూన్ కూడా ఓపెన్ సోర్స్‌లో ఉంది. కీర్తనకి, జానపదానికి దయచేసి వాడకండి. అది గొంతుని పన్నెండు మెట్ల మీదకి లాగుతుంది, మన గమకం ఉండేదే ఆ మెట్ల మధ్యలో. ఒక పాట మీద వేసి చూశా, అత్త గొంతులో ఆ జారుడు మొత్తం పోయి ఎవరో తెలియని మనిషి పాడినట్టు వచ్చింది, వెంటనే తీసేశా.

మిక్స్ అయ్యాక హెడ్‌ఫోన్‌లో ఒకసారి, ఫోన్ స్పీకర్లో ఒకసారి, ఎవరిదైనా ఆటోలోనో కార్లోనో ఒకసారి వినండి. ఫోన్లో మాటలు అర్థం కాకపోతే గొంతు ఇంకా పెంచాలి.

ఎక్స్‌పోర్టు, దాచడం

సెషన్ మెనూలో ఎక్స్‌పోర్ట్. దాచుకోవడానికి వేవ్ గానీ ఫ్లాక్ గానీ, ఫ్లాక్ 2001 నించి ఉన్న ఓపెన్ ఫార్మాట్, సైజు తగ్గుద్ది గానీ సౌండులో ఒక్క చుక్క కూడా పోదు. వాట్సాప్‌లో పంపడానికి ఎంపీ3. యూట్యూబ్‌లో పెట్టేదైతే లౌడ్‌నెస్, అంటే పాట మొత్తం మీద గట్టిదనం, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (అది కొలిచే లెక్క), పీక్ మైనస్ 1 దగ్గర పెట్టండి, అంతకంటే గట్టిగా పెట్టినా వాళ్ళే తగ్గించేస్తారు, ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఆర్డరే ఈ అంకెలు చూపిస్తుంది.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ నిమిషానికి ఎనిమిదిన్నర ఎంబీ పైన తింటుంది, నాలుగు నిమిషాల పాటకి పది ట్రాకులంటే 350 ఎంబీ దగ్గర, ముందే చోటు చూసుకోండి. ఆర్డర్ సెషన్ అంటే ఒక్క ఫైలు కాదు, ఫోల్డర్ మొత్తం, పాట ముక్కలు లోపలి ఫోల్డర్లలో ఉంటాయి, వాటి పేర్లు మార్చకండి, బయటికి తీయకండి, దాచేటప్పుడు ఫోల్డర్ ఎత్తి అలాగే రెండు చోట్ల పెట్టండి. ఒకటి మీ ఇంట్లో డ్రైవ్‌లో, ఇంకోటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర. 2014 అక్టోబర్లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో కిటికీ అద్దాలు పగిలి నీళ్ళు లోపలికొచ్చి పాత ఫొటో ఆల్బమ్‌లన్నీ తడిసిపోయాయి, అందుకే రెండో కాపీ ఇదే ఊళ్ళో పెట్టొద్దు అంటున్నా.

చివరిగా ప్రతి ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పనిలో పాడతారు, ఏ తేదీ, ఏ శ్రుతి, పాట మాటలు అన్నీ దాంట్లో. మాటలు పాడినవాళ్ళ పక్కన కూర్చునే రాసుకోండి, ఎందుకంటే మా అత్త పాటలో ఒక మాట నాకు ఎన్నిసార్లు విన్నా "గెడ్డ" అనే వినిపించింది, వాగు అనుకుని అలాగే రాశా. ఆవిడ వెళ్ళేముందు చదివి వినిపిస్తే "గెడ్డ కాదురా, గడ్డ, నారుమడిలో మట్టిగడ్డ" అంది. రాసింది అక్కడికక్కడే దిద్దాను.